మీ ఇల్లే అనుకోండి

జీడిపాలెంలో గుమ్ములూరి వారు ఇల్లు కదిలి ఎక్కడికి బయలుదేరినా, వీధి తలుపుకు తాళం వేశాక, అయిదుగురూ వరసగా ఆ తాళాన్ని ఒక్కొక్కసారి లాగి చూసేవారు. ఆ అలవాటు ఇప్పుడు లేదు.

చిన్నవాళ్ళతో మొదలై పెద్దవాళ్ళతో ముగియడం దాని పద్ధతి. మొదట వసుంధర. ఆమె పసిపిల్లగా ఉన్నప్పుడు తండ్రి భద్రయ్య చంకనెత్తుకొని తాళం అందించేవాడు. తర్వాత పిన్ని వరహాలు, ఆ తర్వాత బాబాయి నరసింగరావు, ఆపైన భద్రయ్య. అందరికంటే చివర భద్రయ్య అక్కగారు మంగాయమ్మ. సీతాఫలమంత ఉండే ఆ ఇత్తడి తాళాన్ని ఆమె గుప్పిట పట్టి, ఒక్క లాగు లాగి, "పడింది. పదండి" అనేది. ఆ మాట అననిదే ఎవరి కాలూ మెట్టు దిగేది కాదు. ఒకసారి వరహాలు వరస తప్పి ముందుగా లాగినందుకు, తాళం తీసి, మళ్ళీ వేసి, మొదటినుంచి లాగవలసివచ్చింది. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది. బస్సులు వస్తూ పోతూ ఉంటాయి గాని పద్ధతి పోతే మళ్ళీ రాదని మంగాయమ్మ అంది.

ఆ అయిదుగురూ కలిసి ఆఖరిసారి లాగి చూసిన తాళం మాత్రం వాళ్ళ ఇంటి తలుపుకు వేసినది కాదు. అది ఎవరి తలుపో, ఎందుకు వేశారో చెప్పడానికే ఈ కథ.

గుమ్ములూరి వారికి తమ బుద్ధిమీద గొప్ప నమ్మకం. లోకంలో మాటలు చెప్పేవాళ్ళు కోట్లమంది ఉన్నారనీ, చెప్పిన మాటను చెప్పినట్టు వినేవాళ్ళు మాత్రం తాము అయిదుగురేననీ, అందులోనూ వసుంధర పట్నంలో చదువుకొని కొంత చెడిపోయింది గనుక నిక్కంగా లెక్కపెడితే నలుగురేననీ వారి అభిప్రాయం. ఒకసారి మరమ్మతుల కోసం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు వరకు కరెంటు ఉండదని, ప్రజలందరూ సహకరించాలని ఊళ్ళో చాటించారు. ఊరంతా విసనకర్రలు వెతుక్కుంది. గుమ్ములూరి వారు నలుగురూ చద్దన్నం మూట కట్టుకొని సబ్‌స్టేషనుకు వెళ్ళి, సహకరించడానికి వచ్చామనీ, ఏది ఎత్తమంటే అది ఎత్తుతామనీ చెప్పి, పన్నెండు దాకా ఎండలో నిలబడ్డారు. ఇంత పెద్ద ఊళ్ళో ఇంకొక్కడికైనా బాధ్యత లేదేమని నరసింగరావు తిరుగుదారి పొడవునా బాధపడ్డాడు.

అటువంటి ఇంటి పిల్ల వసుంధరకు సంబంధం కుదిరింది. వరుడు శశిధర్ పట్నంలో, ఓడరేవులో ఇంజనీరు. అతని తండ్రి రాజశేఖరం హెడ్మాస్టరుగా పనిచేసి విరమించిన మనిషి. ఆయనను ఇప్పటికీ అందరూ మాస్టారనే అంటారు, ఆయన ముఖంలో నవ్వు చూశామని మాత్రం ఎవరూ అనరు. పెళ్ళి జీడిపాలెంలో పందిట్లో చేయాలనీ, మర్నాడు మధ్యాహ్నం విందు సముద్రపు ఒడ్డున ఉన్న సాగరసౌధమనే పెద్ద హోటల్లో జరగాలనీ, పెళ్ళికూతురు అటునుంచి అటే అత్తవారింటికి వెళ్ళాలనీ నిశ్చయించారు. ఖర్చు వరుడిది, ఏర్పాట్లు ఆడపెళ్ళివారివి.

భద్రయ్యకు విందుకంటే పెద్ద దిగులు ఇంకొకటి ఉంది. వసుంధరకు రెండేళ్ళప్పుడే తల్లి పోయింది. పెంచినది మంగాయమ్మ. పిల్ల కాపురానికి వెళ్ళేటప్పుడు పుట్టింటి పెద్దదిక్కు ఒకరు తోడువెళ్ళి పదహారు రోజులు ఉండి రావడం వాళ్ళ ఆనవాయితీ. అత్త రాకపోతే తనకు అక్కడ ముద్ద దిగదని వసుంధర తండ్రితో ఒక్కసారే చెప్పింది, రెండోసారి చెప్పలేదు. భద్రయ్య వెళ్ళి మాస్టారిని అడిగాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, "కరెంటు ఆఫీసుకు సహకరించడానికి వెళ్ళింది ఆవిడేనా?" అన్నారు. నలుగురమూ వెళ్ళామని భద్రయ్య వినయంగా, కొంత గర్వంగా చెప్పాడు. మాస్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకొని, విందు ఎలా జరుగుతుందో చూసి చెబుతానన్నారు.

అంతే. ఆ పూట నుంచి భద్రయ్యకు లోకంలో ఆ విందు తప్ప మరొకటి లేదు. విందు నెగ్గితే అక్క పిల్ల వెంట వెళుతుంది. నెగ్గకపోతే పిల్ల ఒంటరిగా వెళుతుంది.

పది రోజుల ముందు నలుగురూ ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి సాగరసౌధానికి వెళ్ళారు. దినకర్ అనే మేనేజరు ఎదురువచ్చి, మెత్తని కుర్చీలలో కూర్చోబెట్టి, పళ్ళరసం ఇచ్చి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అన్నీ అయ్యాక లేచి చేతులు జోడించి, "ఆ రోజు మీరేమీ మొహమాటపడకండి సార్. ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు.

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత పెద్ద ఇల్లు ఇంత తేలికగా ఎవరైనా ఇస్తారా అని భద్రయ్యకు నమ్మకం కలగలేదు. నిజంగానా అని అడిగాడు. నిజంగానే అన్నాడు దినకర్. మంగాయమ్మ ముందుకు వచ్చి, "చూడు నాయనా, మాట ఇచ్చాక వెనక్కి తీసుకోకూడదు. మా ఇల్లే అనుకోమంటావా?" అంది. దినకర్ నవ్వి, అచ్చంగా మీ ఇల్లే మేడమ్ అన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే మాట. ఇంకేముంది, ఇల్లు వాళ్ళదయింది.

పోతూ పోతూ దినకర్ మరో మాట కూడా అన్నాడు. వచ్చే అతిథులకు ఏమేమి ఇష్టమో కనుక్కొని చెబితే అవే వండిస్తామన్నాడు. నరసింగరావు ఆ రోజే సైకిలెక్కాడు. ఎనిమిది రోజులు ఊరూరూ తిరిగి, పిలిచిన మూడువందలమందినీ పేరుపేరునా అడిగి, రెండువందల పదకొండు ఇష్టాల జాబితా తెచ్చి దినకర్ చేతిలో పెట్టాడు. దినకర్ చదవడం మొదలుపెట్టాడు. కరణంగారికి గోంగూరపచ్చడి. పోస్టుమాస్టరుగారికి మాగాయ పెరుగన్నం. షావుకారు గవరయ్యగారికి మామిడిచెట్టెక్కి కొమ్మమీద కూర్చొని ఉప్పూకారంతో పచ్చికాయ తినడం. వైదేహమ్మగారికి ఎవరైనా వండిపెడితే చాలు, ఏదైనా ఇష్టమే. వీరన్నకు ఎవరూ పలకరించకుండా ఒక్కడూ కూర్చొని తినడం ఇష్టం. దినకర్ జాబితా మడిచి జేబులో పెట్టుకొని, చూస్తాం సార్ అన్నాడు. చూస్తామన్నాడు గనుక చూస్తాడని నరసింగరావు నిశ్చింతగా ఇంటికి వచ్చాడు.

పెళ్ళి ఏ ఆటంకమూ లేకుండా జరిగింది. పురోహితుడు చెప్పినవన్నీ సంస్కృతంలో ఉండటంవల్ల గుమ్ములూరి వారికి అందులో చేయడానికి ఏమీ దొరకలేదు. వసుంధరను ఆ రాత్రికి మగపెళ్ళివారి విడిదికి పంపి, మర్నాడు తెల్లవారగానే నలుగురూ పాలవ్యానులో పట్నం బయలుదేరారు. వీధి తలుపు గొలుసు తగిలించి నరసింగరావు తాళం వేయబోతే మంగాయమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏరా, ఇవాళ మన ఇల్లు ఏది?"

"పట్నంలోది కదక్కా."

"మరి తాళం ఇక్కడ వేస్తే అక్కడ ఏం వేస్తావు?"

ఆ మాటకు తిరుగులేదు. నరసింగరావు గొలుసు ఊడదీసి, తాళంతోపాటు గోనెసంచిలో వేసుకున్నాడు. ఇల్లు తలుపులు బార్లా తెరిచి ఉంచి, అక్క బుద్ధి ఎవరికి వస్తుందని దారిపొడవునా చెప్పుకుంటూ వెళ్ళారు. తాళం వేయలేదు గనుక లాగి చూసే పని కూడా లేకపోయింది.

ఇల్లు మనదైతే పొద్దున్నే వాకిలి ఊడవాలి గదా. సాగరసౌధం ముందు పాలరాతి మెట్లు అద్దంలా మెరుస్తున్నాయి. ఎన్నాళ్ళనుంచి కళ్ళాపి ఎరగవో పాపమని వరహాలు జాలిపడింది. ఊరినుంచి తెచ్చిన బిందెలో పేడ కలిపి, మెట్లమీద ఒక్క చుక్క ఖాళీ లేకుండా చల్లింది. ఆపైన ముగ్గు. మంగాయమ్మ గుమ్మానికి పసుపు పూసింది. కాపలా అతను పరుగెత్తుకొచ్చి లోపలికి కబురు చేస్తే దినకర్ వచ్చాడు, చూశాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పేడ ఎక్కడినుంచి వచ్చిందని మాత్రం అడగగలిగాడు. ఇక్కడ ఎంత వెతికినా దొరకదని ఇంటినుంచే తెచ్చుకున్నామనీ, అతనేమీ శ్రమపడనక్కరలేదనీ వరహాలు ధైర్యం చెప్పింది.

తర్వాత నరసింగరావు పని. చెప్పులతో ఇంట్లోకి ఎవరినీ రానివ్వకూడదు. అతను గుమ్మంలో నిలబడి విందుకు వచ్చినవాళ్ళవీ, హోటల్లో దిగడానికి వచ్చినవాళ్ళవీ, టై కట్టుకొని పెట్టె ఈడ్చుకుంటూ వచ్చిన ఒక పెద్దమనిషివీ, అందరివీ చెప్పులూ బూట్లూ విడిపించాడు. గంటలో నడుమెత్తు గుట్ట పడింది. ఇంటిదగ్గరైతే కుక్కలు ఎత్తుకుపోకుండా శుభకార్యాలప్పుడు చెప్పులన్నీ ఖాళీ గాదెలో పడేస్తారు. ఇక్కడ గాదె ఎక్కడుందా అని నరసింగరావు నలువైపులా చూశాడు. గోడలో, రెండు తలుపులతో, నిగనిగలాడే చక్కని ఇనుప గాదె కనిపించింది. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. చెప్పులన్నీ తట్టలకెత్తి అందులో పోశాడు. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. ఎంత బుద్ధిగల గాదె అని మెచ్చుకుంటూ ఉండగానే తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. లోపల ఒక్క చెప్పు లేదు సరిగదా, తడితల తుడుచుకుంటూ ఒక తెల్లదొర నిలబడి ఉన్నాడు.

నరసింగరావు నిలువునా నీరయిపోయాడు. "అక్కా, మన గాదె చెప్పులను దొరగా మార్చేసింది" అన్నాడు.

పక్కపక్కన రెండు లిఫ్టులు ఉన్నాయనీ, మొదటిది తొమ్మిదో అంతస్తుకు వెళ్ళిందనీ, అది ఆగిన ప్రతిచోటా చెప్పులు బయటికి జారి పడుతున్నాయనీ దినకర్ మనుషులు కనిపెట్టేసరికి పదకొండు అయింది. మాస్టారు తన కొత్త చెప్పుల కోసం అయిదో అంతస్తులో వట్టికాళ్ళతో తిరుగుతున్నారని భద్రయ్యకు తెలిసింది.

దినకర్ నలుగురినీ ఒక మూలకు తీసుకువెళ్ళాడు. అతని మర్యాద ఇంకా పోలేదు గాని పలచబడింది. ఇంకే పనీ చేయవద్దనీ, ఏదీ ముట్టుకోవద్దనీ, వచ్చినవాళ్ళందరినీ నవ్వుతూ పలకరిస్తే చాలుననీ బతిమాలాడు.

ఇంత తేలికైన పని ముందే చెప్పకూడదా అని మంగాయమ్మ అతన్ని మందలించింది. అంతే, నలుగురూ గుమ్మం పక్కన బారుగా నిలబడి నవ్వడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళతో నవ్వారు, పోయేవాళ్ళతో నవ్వారు. అంతలో మాస్టారి చెల్లెలు రాజ్యలక్ష్మి వచ్చింది. మా ఆయన రాలేకపోయారమ్మా అంది. నలుగురూ నవ్వారు. స్నానాలగదిలో జారిపడ్డారంది. నలుగురూ నవ్వుతూ, అలాగా అన్నారు. తుంటి ఎముక విరిగిందని చెబుతూ ఆమె కొంగు కళ్ళకద్దుకుంది. భద్రయ్య గుండె కరిగింది, కాని దూరాన దినకర్ చూస్తున్నాడు. భద్రయ్య మరింత నవ్వాడు. వరహాలు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, "మళ్ళీ అతుక్కోదా అమ్మా?" అంది. రాజ్యలక్ష్మి ఏడుస్తూనే వెళ్ళి అన్నగారి చెవిలో ఈ సంగతి వేసింది.

మాస్టారు అక్కడినుంచి గుమ్మంవైపు ఒక చూపు చూశారు. ఆ చూపు తగలగానే భద్రయ్యకు దవడలు నొప్పి పుట్టాయి. విందు ఇంకా మొదలు కాకముందే ఓడిపోతున్నదని అతనికి అనిపించింది. నవ్వు ముఖంమీద అలాగే ఉంచుకొని, వేదికమీద పూలకుర్చీలో కూర్చున్న కూతురు దగ్గరకు వెళ్ళాడు.

"అమ్మడూ, ఎవరు ఏది చెబితే అది చేస్తున్నాం. అయినా తప్పుతున్నది. నువ్వు చెప్పు, ఏం చేయమంటావో."

వసుంధరకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తండ్రి ఉత్తరీయం సరిచేసి, కాసేపు ఆలోచించి, "నాన్నా, మా మామగారిని చూస్తూ ఉండండి. ఆయన ఎలా చేస్తే మీరూ అలాగే చేయండి. ఏ చిక్కూ ఉండదు" అంది.

భద్రయ్యకు ప్రాణం లేచివచ్చింది. పరాయివాళ్ళ మాటలు విని ఇంతసేపు చెడ్డాం, ఇప్పుడు మన పిల్ల మాట చేతికి వచ్చిందని ముగ్గురికీ చెప్పాడు. నలుగురూ నవ్వడం మానేసి మాస్టారి వెనక చేరారు.

మాస్టారు పళ్ళెం తీసుకొని వరసలో నిలబడ్డారు. నలుగురూ పళ్ళాలు తీసుకొని నిలబడ్డారు. ఆయన రెండు పూరీలు వేసుకున్నారు, వీళ్ళూ రెండేసి. ఆయన ఆవకాయ వాసన చూసి, వద్దనుకొని గరిటె వెనక్కి పెట్టారు. నలుగురూ వరసగా వాసన చూసి, వరసగా గరిటె వెనక్కి పెట్టారు. ఆయన దగ్గారు. నాలుగు దగ్గులు. ఆయన జేబులోంచి చక్కెరజబ్బు మాత్ర తీసి వేసుకున్నారు. భద్రయ్య చెయ్యి చాపి, మాకూ తలా ఒకటి ఇప్పించండి బావగారూ అని ప్రాధేయపడ్డాడు. మాస్టారు ఇవ్వలేదు. పొద్దుటినుంచి వట్టికాళ్ళతో తిరిగి ఆయనకు ఓపిక తక్కువగా ఉంది. వెనుదిరిగి చూడబోయి చెయ్యి తడబడి, గరిటెడు సాంబారు తెల్లని లాల్చీమీద ఒలకబోసుకున్నారు.

నలుగురూ ఒక్క క్షణం ఆగారు. భద్రయ్యవి కొత్తబట్టలు. వరహాలుది పెళ్ళినాటి పట్టుచీర, పదిహేనేళ్ళలో మూడుసార్లు కట్టింది. అయితే పిల్ల మాట అంటే పిల్ల మాటే. మంగాయమ్మ మొదటి గరిటె తీసుకొని, గుండెలమీద నిదానంగా పోసుకొని, గరిటె తమ్ముడికి అందించింది.

ఇంకేముంది, మూడువందలమంది తినడం మానేసి చూస్తున్నారు. మాస్టారు చేతులు కడుక్కోవడానికి మగవాళ్ళ గదివైపు వేగంగా నడిచారు. నలుగురూ వేగంగా నడిచారు. తలుపు దగ్గర వరహాలు కొంచెం సంకోచించింది గాని మంగాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మాస్టారు గడప మీద గిర్రున తిరిగి, ముప్పయి అయిదేళ్ళు బడి వణికించిన గొంతుతో గర్జించారు.

"ఏమిటీ వేళాకోళం?"

"ఏమిటీ వేళాకోళం?" అన్నారు నలుగురూ.

"నేనెవరో తెలుసా మీకు?"

"నేనెవరో తెలుసా మీకు?"

సన్నాయి ఆగిపోయింది. ఆ మాట తన నోటినుంచి వస్తూ ఉండగానే, అక్క ఇక పిల్ల వెంట వెళ్ళదని భద్రయ్యకు అర్థమైంది. అర్థమయీ ఆగలేకపోయాడు. మాస్టారు చూపుడువేలు ఎత్తి ఉన్నారు గనుక అతనూ వేలు ఎత్తే ఉంచాడు.

వసుంధర వేదిక దిగి పూలదండతోనే పరుగెత్తి వచ్చింది. తప్పు తనదనీ, మామగారిని చూసి అలాగే చేయమని తానే చెప్పాననీ చెప్పింది. అత్తవైపు తిరిగి, ఇక చాలునంది. నలుగురూ వేళ్ళు దించారు.

మాస్టారు మంగాయమ్మ చీరమీద ఎండుతున్న సాంబారు చూశారు. "అమ్మాయి చెప్పిందని ఇది ఒంటిమీద పోసుకున్నారా? ఎందుకని అడగలేదా?"

"దానికి రెండేళ్ళప్పుడు నేను పది రోజులకని వచ్చాను మాస్టారూ," అంది మంగాయమ్మ. "వెళ్ళేనాడు నా కుచ్చిళ్ళు పట్టుకొని, అత్తా ఇక్కడే ఉండు అంది. ఉండిపోయాను. అప్పుడు ఎందుకని అడగలేదు. ఇప్పుడు సాంబారుకు అడుగుతానా?"

మాస్టారు కళ్ళజోడు తీశారు గాని తుడుచుకోవడానికి శుభ్రమైన అంగుళం లాల్చీమీద లేదు. బళ్ళో ముప్పయి అయిదేళ్ళు కూర్చోమంటే ఒక్కడూ కూర్చోలేదనీ, ఇంట్లో ఫ్యాను కట్టమని ఆరు నెలలుగా చెబుతున్నా వినే దిక్కు లేదనీ, చెప్పిన మాట వినే మనిషిని ఈ వయసులో ఇప్పుడే చూస్తున్నాననీ ఆయన నెమ్మదిగా అన్నారు. అని, నవ్వారు. ఆ నవ్వు ఎన్నడూ చూడని శశిధర్ వేదికమీద లేచి నిలబడ్డాడు. నలుగురూ వసుంధర ముఖం చూశారు. నవ్వండి అంది వసుంధర. అప్పుడు నవ్వారు.

"వదినగారిని పంపండి బావగారూ," అన్నారు మాస్టారు. "పదహారు రోజుల లెక్క ఎందుకు? ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉండమనండి."

"నేను ఉన్నన్నాళ్ళూనా?" అంది మంగాయమ్మ.

ఉన్నన్నాళ్ళూ అన్నారు మాస్టారు. మంగాయమ్మ మూడుసార్లు అడిగింది, ఆయన మూడుసార్లూ అదే చెప్పారు. భద్రయ్య ఆనందానికి మేర లేదు. పిల్ల వెంట అక్క వెళుతున్నదన్న సంతోషంలో, అక్క అక్కడుంటే ఇక్కడ ఉండదన్న లెక్క అతనికి తట్టలేదు. లెక్కల్లో భద్రయ్య మొదటినుంచీ గట్టివాడు కాదు.

మూడు గంటలకు కారు వాకిట్లోకి వచ్చింది. వసుంధర, శశిధర్ వెనక కూర్చున్నారు. మంగాయమ్మ బట్టలమూట ఎక్కించారు. మాస్టారూ బంధువులూ ఇంకా లోపల ఐస్‌క్రీము తింటున్నారు. పొద్దుటినుంచి నిలబడే ఉన్నాడని జాలిపడి, మంగాయమ్మ కాపలా అతన్ని కూడా లోపలికి తినడానికి పంపింది. వీళ్ళు నిజంగానే వెళుతున్నారని తెలిసి దినకర్ గుమ్మందాకా వచ్చి, ఏమైనా మరచిపోయారేమో చూసుకోమని చెప్పి, చేతులు జోడించి లోపలికి వెళ్ళిపోయాడు.

మంగాయమ్మ ఒక కాలు కారులో పెట్టి ఆగిపోయింది.

"ఒరే భద్రం, మరచిపోయాం. ఇల్లు తాళం వేయకుండా బయలుదేరుతున్నాం."

నరసింగరావు నెత్తి కొట్టుకొని గోనెసంచి విప్పాడు. సాగరసౌధం గాజుతలుపులకు నిలువెత్తు ఇత్తడి పిడులు ఉన్నాయి. ఇంటి గొలుసు వాటికి కొలిచి చేయించినట్టు సరిపోయింది. లోపల ఇంకా జనం ఉన్నారు గదా అని వరహాలు అనుమానపడితే భద్రయ్య ఆమెకు విడమరచి చెప్పాడు. లోపల మనుషులుంటే దొంగలు భయపడతారు, బయట తాళం ఉంటే దొంగలు రాలేరు, రెండూ ఉన్న ఇల్లంత భద్రమైన ఇల్లు ఇంకొకటి ఉండదు. వెనక తలుపుకు బయటినుంచి గడియ తాను ముందే పెట్టివచ్చానని నరసింగరావు చెప్పాడు.

తాళం పడింది. నలుగురూ తలుపు ముందు నిలబడ్డారు గాని ఎవరూ చెయ్యి వేయలేదు. వరస మొదలుకావలసిన మనిషి కారులో ఉంది.

"అమ్మడూ, దిగు. నీ వంతు," అంది మంగాయమ్మ.

వసుంధర దిగింది. గాజుకు అవతల మాస్టారు ఐస్‌క్రీము గిన్నె పట్టుకొని చెయ్యి ఊపుతున్నారు. ఆయన వెనక దినకర్ రెండు చేతులూ ఊపుతున్నాడు. వీడ్కోలు ఎంత బాగా ఇస్తున్నారో చూడమని నరసింగరావు వాళ్ళకు తిరిగి చెయ్యి ఊపాడు. వసుంధర మామగారిని చూసింది, తాళాన్ని చూసింది, అత్త చీరమీది మరకను చూసింది. పట్నంలో చదువుకున్న పిల్ల, తెలియక కాదు. కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకొని, గోరింటాకు చేతితో తాళం అందుకొని లాగింది. ఇప్పుడు చంకనెత్తుకోవలసిన పసిపిల్ల కాదు గనుక భద్రయ్య ఊరికే ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

వరహాలు లాగింది. నరసింగరావు లాగాడు. భద్రయ్య లాగాడు. చివరన మంగాయమ్మ తాళాన్ని గుప్పిట పట్టి ఒక్క లాగు లాగి, తాళంచెవి రొంటిన దోపుకొంది.

"పడింది," అంది. "పదండి."